కలవడానికీ కలపడానికీ మధ్య

నేను ఒక సన్నని తీగెను. తల వెంట్రుకను తెచ్చి నా పక్కన పెడితే అదే లావుగా కనిపిస్తుంది. ఒక పొట్టి ఉక్కు గొట్టం నా ఇల్లు. దానికి ఒక కొసన కరెంటు తీగలు, రెండో కొసన ఎప్పుడూ తెరిచి ఉండే నోరు. ఆ నోటిని ఏ పాత్రకు బిగిస్తే ఆ పాత్రలో గాలి ఇంకా ఎంత మిగిలిందో చెప్పడం నా ఉద్యోగం. పుస్తకాల్లో నన్ను పిరానీ గేజి అంటారు. నేను ఎక్కువ కాలం బతికిన చోట మాత్రం పిరికిది అన్నారు. నోరు తిరక్క అన్నారో, నా స్వభావం కనిపెట్టి అన్నారో తెలియదు గాని, ఆ పేరు నాకు కొలిచి కుట్టించినట్టే ఉంది.

నేను పనిచేసే తీరు చెబితే మీకే అర్థమవుతుంది. కరెంటు పంపి నన్ను ఎప్పుడూ వెచ్చగా ఉంచుతారు. పాత్రలో మిగిలిన గాలి అణువులు వచ్చి నన్ను తాకుతాయి, తాకి వెళ్ళిపోతాయి. వెళ్ళేవి వట్టి చేతులతో వెళ్ళవు. నా వేడిలో రవంత పట్టుకుపోతాయి. లోపల జనం ఎక్కువుంటే నా వేడి ఎక్కువ పోతుంది, పలచబడితే తక్కువ పోతుంది. ఎంత పోయిందో చూసుకుని ఎంతమంది ఉన్నారో చెబుతాను. వచ్చేటప్పుడు ఎవరు వచ్చారో నాకు తెలియదు. వెళ్ళినప్పుడే తెలుస్తుంది. జీవితమంతా ఇలా గడిచిన దానికి మనసు కుదురుగా ఎలా ఉంటుంది చెప్పండి. గదిలో తలుపు చప్పుడైతే చాలు, ఎవరు వెళ్ళిపోతున్నారోనని నా మాట చూపించే ముల్లు వణికేది.

మనుషులు పంపు పెట్టి గాలి తోడేసి, ఇక లోపల ఏమీ లేదనుకుని దానికి శూన్యమని పేరు పెట్టుకుంటారు. అంత గొప్ప మాట అంత తేలిగ్గా ఎలా అంటారో నాకు తెలియదు. నేను అసలైన శూన్యాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత తోడినా ఎవరో ఒకరు మూలన మిగిలిపోతారు. ఆ మిగిలినవాళ్ళ కోసమే నన్ను చేశారు.

నన్ను చేసింది హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక చిన్న కార్ఖానాలో. కమరున్నీసా అనే ఆవిడ కంటికి అద్దం తగిలించుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ, నన్ను చిన్న పట్టకారుతో పట్టుకుని రెండు మేకుల మధ్య అతికించింది. తీగెలతోనే మాట్లాడుకుంటూ పనిచేసేది. "తెగకు బిడ్డా, జర ఓర్సుకో, అయిపాయె" అన్న మాటే నేను విన్న మొదటి మాట. ఒకే చుట్ట నుంచి నాతోపాటు కత్తిరించిన తీగెలు ఆ బల్లమీద ఇంకా కొన్ని ఉండేవి. సాయంత్రానికి ఒక్కోటి ఒక్కో గొట్టంలోకి, ఒక్కో ఊరికి వెళ్ళిపోయాయి. అది నా మొదటి ఎడబాటు. అప్పటికి ఇంకా నాకు కరెంటు ఇవ్వలేదు కాబట్టి ఎంత పోయిందో లెక్క తెలియలేదు.

ఆ తర్వాత నాకు కొలవడం నేర్పారు. పుట్టగానే ఏ గేజికీ కొలవడం రాదు. వేడి పోవడం తెలుస్తుంది గాని, ఇంత పోతే ఇంత గాలి అని ఎవరో పక్కన నిలబడి చెప్పాలి. నాకు చెప్పినవాడు ఒక గాజు పెద్దాయన. ఆయన ఒళ్ళంతా సన్నని గాజు గొట్టాలు, వాటిలో పాదరసం. మెక్లియాడ్ గేజి అంటారు. మా ఇద్దరినీ ఒకే పాత్రకు బిగించి, గాలంతా తోడి, సూది మొనంత సందులోంచి పొడి నైట్రోజన్‌ని కొంచెం కొంచెం వదిలేవారు. కొంచెం వదలడం, అంతా నిలకడగా అయ్యేదాకా ఆగడం. పెద్దాయన ఆ వాయువును చిటికెడు పట్టి పాదరసంతో నొక్కి, ఇరుకు గొట్టంలోకి తోసి, ఎంత ఉందో తేల్చేవాడు. ఆయన మాట ప్రకారం నా మీద గీత పెట్టేవారు. ఎక్కడా తొందర లేదు. నా జీవితంలో అంత నెమ్మదైన కాలం మళ్ళీ రాలేదు.

అయితే ఆ పెద్దాయనకూ ఒక లోపం ఉంది. తడి ఆయనకు కనపడదు. నీటి ఆవిరిని నొక్కితే అది నీటి బొట్టయి గోడకు అంటుకుంటుంది, లెక్కలోంచి జారిపోతుంది. అందుకే ఆయన ముందు ఎప్పుడూ పొడి వాయువునే పెట్టేవారు. నేను నేర్చుకున్న భాష కూడా పొడి గాలి భాషే. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీన్ని మరచిపోవడం వల్లనే తర్వాత కథంతా జరిగింది.

కొన్నాళ్ళు ఒక ఫ్లాస్కుల కార్ఖానాలో ఉన్నాను. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తోడేస్తే కాఫీ వేడి బయటికి పోదు. వేడి పోకుండా ఉండటానికి మనుషులు ఎంత శ్రమ పడతారో అక్కడ చూశాను. తర్వాత స్టీలు ఫ్లాస్కులు వచ్చి ఆ కార్ఖానా మూతపడింది. మా సామాను అమ్మేశారు. లారీలో గడ్డి మధ్య పడుకుని సముద్రం వైపు ప్రయాణం చేశాను.

నన్ను దింపింది అనకాపల్లి దాటాక ఒక మందుల ఫ్యాక్టరీలో. అక్కడ పాముకాటుకు విరుగుడు మందు చేస్తారు. గుర్రాలకు కొంచెం కొంచెంగా విషం అలవాటు చేసి, వాటి రక్తంలోంచి మందు తీసి, చిన్న చిన్న సీసాల్లో పోస్తారు. నీళ్ళ మందు ఎక్కువ కాలం నిలవదు కాబట్టి దాన్ని గడ్డకట్టించి, గాలి తోడేసిన పెద్ద బీరువాలాంటి డ్రయ్యరులో అరల మీద పేరుస్తారు. గాలి లేనిచోట, ఎక్కువ వేడి పెట్టనంతవరకు, మంచుకు కరగడం చేతకాదు. నీరు కాకుండానే ఆవిరై లేచిపోతుంది. చివరికి ప్రతి సీసాలో తెల్లటి పిండి బిళ్ళ మిగులుతుంది. ఎప్పుడో ఒకరోజు ఏదో ఆసుపత్రిలో నర్సు దానిలో నీళ్ళు పోస్తే, అది మళ్ళీ మందవుతుంది.

ఆ డ్రయ్యరుకు నన్ను బిగించినప్పుడు నా పక్కన అప్పటికే ఒకాయన ఉన్నాడు. కెపాసిటెన్స్ మానోమీటరు అని పెద్ద పేరు, సీఎం అని పొట్టి పేరు. లోపల డప్పు చర్మంలా బిగించిన పలుచని లోహపు రేకు ఉంటుంది. గాలి దాన్ని ఎంత తోస్తే అంత వంగుతుంది. తోసేది ఎవరన్నది ఆయనకు అక్కర్లేదు, ఎంత తోశారన్నదే. పొడి గాలైనా తడి ఆవిరైనా ఆయన ముల్లు తడబడదు. అంత స్థిమితం నాకు ఎక్కడిది!

మాకు ముద్దుపేర్లు పెట్టింది దాలినాయుడు. డ్రయ్యరు నడిపేది ఆయనే. నలభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు లేకుండా ఎప్పుడూ చూడలేదు. గేజీలను పరీక్షించి సరిచేసే ఇంజనీరు మృణాళిని. కాకినాడ పిల్ల. మాట మెత్తన, పని పట్టుదల. ఏడాదికోసారి మా ఇద్దరినీ ఊడదీసి, తన బల్ల మీద పొడి నైట్రోజన్ ముందు పెట్టి పరీక్షించేది. బల్ల మీద నేను, సీఎం గారు అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెప్పేవాళ్ళం. తీసుకెళ్ళి డ్రయ్యరుకు బిగించి సీసాలు ఆరబెట్టడం మొదలెట్టగానే తేడా వచ్చేది.

"మేడమ్, సీఎం గారు పదంటన్నారు, ఈ పిరికిది పదారంటన్నాది. ఎవుల మాట రాసుకోమన్నారు?"

"సీఎం మాటే రాయండి నాయుడు గారూ."

"అంతేలెండి. పిరికోలి మాట ఎవులింటారు!"

నేను అబద్ధం చెప్పడం లేదు. నీటి ఆవిరి నన్ను తాకి వెళ్ళేటప్పుడు మామూలు గాలి కంటే ఎక్కువ వేడి పట్టుకుపోతుంది. నాకు నేర్పింది పొడి గాలి భాష కాబట్టి, ఎక్కువ వేడి పోయిందంటే ఎక్కువ జనం ఉన్నారనే చెబుతాను. లోపల అంతా ఆవిరే ఉన్నంతసేపూ నా మాట సీఎం గారి మాట కంటే పైనే ఉంటుంది. మంచు తగ్గుతున్న కొద్దీ నేను దిగివస్తాను. ఆఖరి తడి కూడా పోయిన రోజున మా ఇద్దరి మాటా ఒకటవుతుంది. కాని అప్పట్లో గడియారం చూసి డ్రయ్యరు నడిపేవారు. ఇంతసేపు ఆరబెట్టాలని ఒక లెక్క, భయానికి ఇంకొంతసేపు. మా తేడాను ఎవరూ పట్టించుకోలేదు. మృణాళిని మాత్రం నన్ను బిగించేటప్పుడు ఒక్కోసారి గొట్టం మీద వేలితో తట్టి, "నీకేమవుతోందే లోపలికెళ్తే?" అని అడిగేది.

దాలినాయుడుకు ఒక అలవాటు ఉంది. ప్రతి విడత అయ్యాక పరీక్షకని తీసిన సీసాల్లోంచి ఒకటి పట్టుకుని, నీళ్ళు పోసి, గుండ్రంగా ఊపుతూ వెలుతురుకు ఎత్తి చూసేవాడు. పిండి కరిగి నీళ్ళు తేటగా అయ్యేదాకా రెప్ప వేసేవాడు కాదు. ఒకసారి మృణాళిని నవ్వుతూ, "ల్యాబులో చూస్తారు కదండీ, మళ్ళీ మీరెందుకు?" అంది.

ఆయన సీసా కింద పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"మా ఇంటిది పారమ్మ జీడితోటలో పిక్కలేరతంటే పాము కుట్టేసినాదమ్మా. వేగిరమే తీసుకెల్లినాం ఆస్పత్రికి. మందూ ఉన్నాది. నర్సమ్మ నీల్లు పోసి ఊపతాది, ఊపతాది, పిండి గెడ్డకట్టేసి కరగదు. ఇంకో సీసా తీసినాది. అదీ అంతే. నాను పక్కనే నిలబడి ఆ సీసా కేసే సూస్తన్నాను, పారమ్మ కేసి సూళ్ళేదు." తువ్వాలు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "ఎక్కడ ఆరబెట్టిన మందో అది. తడారకుండానే తీసేసుంటారు."

మృణాళిని మళ్ళీ ఎప్పుడూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. వాన పడితే పుట్టల్లో నీళ్ళు చేరి పాములు బయటికొస్తాయి. కొండల మీది ఆసుపత్రుల్లో మందు అడుగంటిందని ఫోన్ల మీద ఫోన్లు. సరిగ్గా అప్పుడే మా డ్రయ్యరుకు కొత్త ప్యానెలు బిగించారు. ఇక గడియారం చూడక్కర్లేదట, మా గేజీలనే చూసుకుంటూ తనంతట తాను నడుపుతుందట. దాన్ని బిగించడానికి వచ్చిన హైదరాబాదు ఇంజనీరు, రైలుకు టైమవుతోందని బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలోంచి చెప్పాడు.

"అన్నా, గీ రెండు గేజీలు కలవాలె. కలిస్తెనే ముందటికి వోతది. యాదుంచుకో!"

ఆయన చెప్పింది మా సంగతే. ఆరడం పూర్తయితే ఇద్దరం మాకై మేమే కలుస్తాం, అప్పుడు ప్యానెలు అరలను వెచ్చబెట్టి చివరి మెట్టు నడుపుతుంది అని. దాలినాయుడు ఆ మాటను జాగ్రత్తగా మోసుకెళ్ళి మృణాళినికి అందించాడు. అందించేలోగా దారిలో ఒక్క అక్షరం మారింది.

"రెండు గేజీలూ కలపాలంటమ్మా. కలిపితేనే ముందుకెల్తాదంట."

కలవాలి, కలపాలి. చెవికి ఎంత తేడా? కాని ఒకటి వాళ్ళంతట వాళ్ళు రావడం, ఇంకొకటి మెడలు పట్టి తేవడం.

కొత్త ప్యానెలుతో మొదటి విడత ఎక్కించారు. ఉదయం నుంచి అంతా బాగానే సాగింది. కాని చివరి మెట్టు ముందు ప్యానెలు ఎర్రదీపం పెట్టుకుని ఆగిపోయింది. సీఎం గారు పదంటారు, నేను పదహారంటాను. లోపల ఇంకా మంచు ఉందని, ఆగమని మా మధ్య తేడాయే చెబుతోంది. బయట వాళ్ళకు మాత్రం యంత్రం మొరాయించినట్టు కనిపించింది. వానలో సీసాలు తీసుకెళ్ళే వ్యాను వచ్చి గేటు దగ్గర నిలబడింది. దాలినాయుడు ప్యానెలు ముందు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి ప్యానెలు దాకా తిరుగుతున్నాడు. ప్యానెలు ఇంజనీరుకు ఫోను చేస్తే అందలేదు.

"పిరికిది మొండికేసినాదమ్మా. దీన్ని కొంచెం సీఎం గారి దారికి తేకూడదా? అక్కడ జనం సీసాల కోసం సూస్తన్నారు."

మృణాళిని చాలాసేపు నా ముందు నిలబడింది. "బల్ల మీద సరిగ్గానే ఉందండీ ఇది. నిన్నగాక మొన్న చూశాను" అంది, ఆయనతోనో తనతోనో. మళ్ళీ తనే, "లోపల చలికి ఏదైనా తేడా వస్తోందేమో. ఎక్కడ వాడతామో అక్కడే సరిచేస్తే పోతుంది" అంది. పెన్సిలు తీసి, నా మాటను సరిదిద్దే చిన్న మర పక్కన, అది అప్పుడున్న చోటికి గుర్తుగా సన్నగా గీత పెట్టింది. తర్వాత చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పింది.

అప్పుడు నాకు ఎలా ఉందో చెప్పడం కష్టం. నా తీగె మారలేదు. ఆవిరి వస్తూనే ఉంది, నా వేడి పట్టుకుని పోతూనే ఉంది. అంతకు ముందు ఎంత పోయేదో అంతే పోతోంది. మాట ఒక్కటే మారింది. పదహారు పోగొట్టుకుంటూ పది పోయిందని చెబుతున్నాను. పక్కన సీఎం గారు ఎప్పటిలాగే తన పది తాను చెప్పుకుంటున్నాడు. ఆయన చెప్పింది నిజం. అదే మాట నా నోట అబద్ధం.

ప్యానెలు పచ్చదీపం వెలిగించింది.

"రాజీ కుదిరిపోనాది!" దాలినాయుడు తువ్వాలు భుజాన వేసుకుని, గొడుగు కూడా మరచిపోయి, వ్యాను డ్రైవరుకు చెప్పడానికి వానలోకి పరుగెత్తాడు.

అరలు వేడెక్కడం మొదలైంది. మంచు ఇంకా ఉన్న సీసాలకు వేడి పెడితే ఆవిరి లేచే లోపలే మంచు కరుగుతుంది, బిళ్ళ కూలి జిగురవుతుంది. అలాంటి బిళ్ళ ఆరినా గట్టిపడిపోతుంది. దానిలో ఎన్ని నీళ్ళు పోసి ఊపినా తొందరగా కరగదు. ఆవిరి గుంపులు గుంపులుగా నా మీదికి వచ్చింది. సీఎం గారు పైకి లేచాడు, నేనూ పైకి లేచాను. ఇద్దరం ఒక్క మాటే చెబుతున్నాం కాబట్టి ప్యానెలుకు అనుమానం రాలేదు. నేను నాకున్న బలమంతా పెట్టి వణికాను. పిరికిది వణకడం ఎవరికి వింత?

దాలినాయుడు తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. ఏసీ గొట్టం కింద నిలబడి తువ్వాలు పిండుకుంటూ పళ్ళు కటకటలాడించాడు.

"అబ్బ! రోజూ ఈ గొట్టం కిందే నిలబడతాను, ఏటీ అనిపించదు. తడి బట్టలకి ఎముకల్లో ఏడి కూడా పట్టుకుపోతన్నాదమ్మా ఈ గాలి."

మృణాళిని నవ్వబోయి ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"సలేస్తంది అన్నాను."

"కాదు. తడికి వేడి ఎక్కువ పోతుందన్నారు." ఆమె నా వైపు తిరిగింది. తడి బట్టలకు చలి వేయడానికి కారణం వేరు, నా సంగతి వేరు. కాని ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. నేను కొలిచేది పోయే వేడిని. నన్ను సరిచూసింది పొడి వాయువు ముందు. ఇప్పుడు నా చుట్టూ ఉన్నది నీటి ఆవిరి. "నాయుడు గారూ, అది చెడిపోలేదు. లోపల తడి ఉందని చెబుతోంది. మనం దాని నోరు నొక్కేశాం. అడ్డ వాల్వు మూయండి, తొందరగా!"

ఆవిరిని లాగేసే గదికీ మాకూ మధ్య పెద్ద వాల్వు ఒకటి ఉంది. దాన్ని కాసేపు మూస్తే ఆవిరికి బయటికి పోయే దారి ఉండదు. సీసాలు ఆరిపోయి ఉంటే సీఎం గారి ముల్లు కదలదు. మంచు ఉంటే పైకి పోతుంది. దాలినాయుడు మూశాడు. ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది.

మృణాళిని ప్యానెలును పక్కన పెట్టి తన చేత్తోనే వేడి ఆపింది, అరలను మళ్ళీ చల్లబరిచింది, వాల్వు తెరిపించింది. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని నా మరను పెన్సిలు గీత దగ్గరికి తిప్పింది. తొందరలో రెండుసార్లు గీత దాటింది. మూడోసారి సరిగ్గా ఆగింది. నేను మళ్ళీ నా పదహారు చెప్పగలిగాను. ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం చూసి ఎవరైనా అంత నెమ్మదించడం నేను ఎక్కడా చూడలేదు.

ఇద్దరూ డ్రయ్యరు అద్దంలోంచి లోపలికి చూశారు. తలుపు వైపు పై అరలో ముందు వరసల బిళ్ళలు అప్పటికే కుంగిపోయాయి. వెనకాలవి నిలిచే ఉన్నాయి.

"నానే కదమ్మా కలపాలన్నాను" అన్నాడు దాలినాయుడు.

"అన్నది మీరు. తిప్పింది నేను" అంది మృణాళిని. ఆ తర్వాత ఇంజనీరుకు ఫోను అందింది. "కలపాల్నని ఎవలన్నరు మేడం? కలవాలన్న!" అన్న కేక ఫోను బయటికి కూడా వినిపించింది.

ఇక మిగిలింది ఎదురుచూడటం. మనుషులకు అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఆసుపత్రి నుంచి ఎవరో ఫోను చేసి, ఈరోజు వస్తాయన్నారు కదా అని నిలదీశారు. మృణాళిని గోడ వైపు తిరిగి మాట్లాడింది. "ఇవాళ పంపితే సీసాలొస్తాయండీ, మందు రాదు. ఆరాక పంపుతాను." అవతల వాళ్ళు ఏమన్నారో, ఆమె కళ్ళు మూసుకుని విని, "మీ దగ్గర ఉన్నవి జాగ్రత్తగా వాడండి" అని పెట్టేసింది. వ్యాను డ్రైవరు సీటు వాల్చుకుని పడుకున్నాడు. దాలినాయుడు ఇంటికి వెళ్ళలేదు, ఆమె కూడా వెళ్ళలేదు. వాన పడుతూనే ఉంది.

నేను మాత్రం నా పని చేశాను. ఆవిరి వచ్చి తాకింది, వేడి పట్టుకుని వెళ్ళింది. మొదట గుంపులు. తర్వాత పలచబడ్డారు. అంతవరకు వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు భయమే గాని, ఆ రోజు మొదటిసారి, వెళ్ళండి, అందరూ వెళ్ళండి అనుకున్నాను. వాళ్ళు వెళితేనే ఎవరికో ప్రాణం. మర్నాడు పొద్దున్నుంచి నా మాట మెల్లగా దిగడం మొదలుపెట్టింది. సీఎం గారు ఉన్నచోటే ఉన్నాడు. నేనే ఆయన వైపు వస్తున్నాను. దాలినాయుడు స్టూలు లాక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు. అన్నేళ్ళలో మొదటిసారి ఆయన నా ముల్లు వైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు మా ఇద్దరి మాటా ఒక్కటైంది. ఎవరూ మరలు తిప్పలేదు. అన్నాళ్ళూ మా మధ్య ఉన్న తేడా అంతా ఆ తడే. అది పోయింది. ఇద్దరం ఏకమైనందుకు నాకు సంతోషం కలగాలి కదా, ఎందుకో వెలితిగా అనిపించింది. తడి ఉన్నంతసేపే నా మాటకు వేరే అర్థం ఉంది. మృణాళిని మళ్ళీ వాల్వు మూయించి చూసింది. ముల్లు కదలలేదు.

డ్రయ్యరు తెరిచాక దాలినాయుడు వెనక వరసలోంచి ఒక సీసా తీసి నీళ్ళు పోసి రెండు చుట్లు తిప్పాడు. పిండి మాయమై నీళ్ళు తేటపడ్డాయి. అది కింద పెట్టి, పై అర ముందు వరసలోంచి కుంగిన బిళ్ళ ఉన్న సీసా తీశాడు. దానిలోనూ నీళ్ళు పోశాడు. ఊపాడు. బిళ్ళ అడుగున అంటుకుని కదలలేదు. ఆయన ఊపుతూనే ఉన్నాడు.

"నాయుడు గారూ, అది కరగదు. వదిలేయండి" అంది మృణాళిని.

"తెలుసమ్మా" అన్నాడు ఆయన. ఊపడం మాత్రం ఆపలేదు. చాలాసేపటికి ఆమె వెళ్ళి ఆ సీసాను ఆయన చేతిలోంచి తీసుకుంది. ఆయన ఆ ఖాళీ చెయ్యి వైపు కాసేపు చూసి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

కుంగిన సీసాలను లెక్కలోంచి తీసి నాశనం చేశారు. మిగతావి వ్యానెక్కాయి. మృణాళిని ప్యానెలు పైన ఒక కాగితం అంటించింది. 'కలవాలి. కలపకూడదు.' అది చదివి దాలినాయుడు చాలా రోజులకు నవ్వాడు. "తలుపు తీసి ఇది సూసినోల్లు పెల్లిసంబందాల ఆఫీసనుకుంటారమ్మా!"

ఆ తర్వాత నా మాటను ఎవరూ పిరికిదాని మాట అని తోసేయలేదు. మా ఇద్దరి మాటా పక్కపక్కనే రాసేవారు. ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారన్నదే అందరూ చూసేవారు. ప్రతి విడతకూ మేం విడిగా మొదలుపెట్టి, మెల్లగా దగ్గరై, కలిసేవాళ్ళం. కలవగానే తలుపు తెరిచేవారు, కొత్త సీసాలు పెట్టేవారు, మళ్ళీ విడిపోయేవాళ్ళం.

కాలం గడిచింది. పంపు నూనె పొగ పట్టి నా తీగె నల్లబడింది. ఎంత కడిగినా, ఎన్నిసార్లు బల్ల మీద సరిచూసినా మాట నిలకడగా ఉండటం లేదు. ఒకరోజు నన్ను ఊడదీసి ఇంకో పిరానీని బిగించారు. సీఎం గారు ఎప్పటిలాగే స్థిమితంగా ఉన్నాడు. ఆయనకు తోసేవాళ్ళెవరన్నది అక్కర్లేదని చెప్పాను కదా. దాలినాయుడు రిటైరైన రోజున నన్ను చేతిలోకి తీసుకుని, "ఎల్లొస్తానే పిరికిదానా" అన్నాడు. ఎల్లొస్తాను అన్నవాడు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను శిక్షణ గదిలో ఒక అద్దాల బీరువాలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి ఆ వానల కథ చెబుతారు. చెప్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట కలవాలి అన్నచోట కలపాలి అంటూనే ఉంటారు. నాకు కరెంటు లేదు. తీగె చల్లగా ఉంది. గదిలోకి ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా నాలోంచి ఏమీ పోదు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న నెమ్మది ఇదేనేమో అనుకుంటే, ఇదీ బాగాలేదు.

మృణాళిని ఇక్కడి పని వదిలి వేరే ఊరికి వెళ్ళిపోయే ముందు రోజు బీరువా తలుపు తీసింది. జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నా మర పక్కన పెన్సిలు గీత ఇంకా ఉందేమోనని చూసింది. ఉంది. నన్ను తీసి అరచేతిలో పెట్టుకుని వేళ్ళు మూసింది. కాసేపటికి నా ఉక్కు గొట్టం వెచ్చబడింది, ఆ వెచ్చదనం మెల్లగా తీగె దాకా వచ్చింది. తర్వాత ఆమె నన్ను అరలో పెట్టి, తలుపు వేసి, లైటు ఆర్పి వెళ్ళిపోయింది.

నన్ను తాకి వెళ్ళినవాళ్ళందరూ నా వేడి పట్టుకునే వెళ్ళారు. ఈమె ఒక్కతే తన వేడి నాలో వదిలి వెళ్ళింది. అది ఎంతో చెప్పే ముల్లు నాకు ఇప్పుడు లేదు.